గాజుల సద్దు

మా అత్తకు నమ్మకాలు కావలసినన్ని. కడుపుతో ఉన్నదాని చేతుల నిండా గాజులుండాలి, ఆ సద్దు వింటూ లోపల బిడ్డ పెరుగుతుంది అన్నది వాటిలో ఒకటి. ఏడో నెలలో కాటన్‌పేటలోని మా ఇంటికి చుట్టాలందరినీ పిలిచి, నాకు మోచేతుల దాకా గాజులు తొడిగించింది. అందరూ నవ్వమన్నారు, నవ్వాను. లోపల మాత్రం ఏమీ లేదు. సంతోషం లేదు, దిగులని చెప్పుకోవడానికి కారణమూ లేదు.

అప్పటికే మానసిక వైద్యురాలికి చూపించుకుంటున్నాను. మొదట వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించింది. అది చాలకపోయేసరికి మాత్ర రాసింది. మందుతో కొంత ఇబ్బంది ఉండొచ్చని, జబ్బును అలాగే వదిలేసినా తల్లికీ బిడ్డకూ చేటేనని విడమరిచి చెప్పింది. కాన్పు డాక్టరు కూడా వేసుకోమంది. మా ఆయన తలూపాడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మ మాటకూ తలూపాడు. ఆ తల ఎటైనా ఊగుతుంది.

"నీ రక్తమే గదమ్మా బిడ్డకు పోయేది. ఆ మందులొద్దు. కుంకుమపువ్వు పాలిస్తా, తాగు," అని అత్త మాత్రలు తీసి పోపుల డబ్బా వెనక పెట్టింది. వాదించే ఓపిక లేక ఊరుకున్నాను.

ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. వంటింట్లో గ్రైండరు ఆగింది. అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మా, పొద్దున్నించీ నీ గాజుల సద్దే లేదు?"

"లేవబుద్ధి కావడం లేదత్తా. నేను లేకుంటేనే బాగుండనిపిస్తా ఉండాది."

అత్త మంచం మీద కూలబడింది.

"మా అక్క గూడా కడుపుతో ఇట్లే పండుకోనుండె. గాలి సోకిందని తాయెత్తు కట్టిరి. ఏమైందే అని నేనన్నా అడగకపోతినే. ఆయమ్మ దక్కలేదు, బిడ్డా దక్కలేదు."

ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. కళ్లు తుడుచుకుని, నా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పు. నాకు చెప్పినట్లే చెప్పు." ఆ సాయంత్రమే మానసిక వైద్యురాలి దగ్గరికి ఆటోలో తనే వెంట వచ్చింది. మర్నాటి నుంచి మాత్ర, మంచినీళ్లు ఆమే తెచ్చి ఇచ్చేది.

కోలుకోవడానికి నెలలు పట్టింది. పాప పుట్టింది, పసిదానికి గీసుకుంటాయని గాజులు తీసేశారు. అయినా అత్త రోజూ పొద్దున నా గది గుమ్మంలో ఆగి, చెవి ఒగ్గి నిలబడుతుంది.

చేతులకు సద్దు లేదు కదా, అందుకే నేనే గట్టిగా అంటాను: "లేసినానత్తా."