మా మీద చేసిన పరిశోధనలు

రెండువేల సంవత్సరం దాటాక, నేను ఖమ్మంలో ఎంబీబీఎస్ చదువుతున్న రోజుల్లో, మా కాలేజీలో పరిశోధనలకు తేలిగ్గా దొరికేది మేమే. పీజీ చేసేవాళ్లకు థీసిస్ కావాలి. ఊళ్లకు పోవాలంటే జీపు దొరకదు. అడవి వైపైతే పోలీసులూ అన్నలూ అని భయం. మేమైతే రోజూ క్లాసులో వరసగా కూర్చుని ఉంటాం. అందుకని మమ్మల్నే అడిగేవారు.

మొదట్లో మాకేం తెలుసో అడిగారు. ఎయిడ్స్ ఎట్లా వస్తుంది, మలేరియా దోమ ఎక్కడ గుడ్లు పెడుతుంది. తర్వాత మా అలవాట్లు అడిగారు, టిఫిన్ తింటారా, బరువెంత అని. నేను రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి అందరి దృష్టీ మా మనసుల మీదికి మళ్లింది. నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, చదువు మానేయాలనిపిస్తోందా అని అడగసాగారు.

ఆ సంవత్సరం వానాకాలంలోనే మా నాయిన చనిపోయాడు. మాది పినపాక దగ్గర అడవి అంచున చిన్న ఊరు. పత్తి చేను, ఎండాకాలంలో తునికాకు, అదీ మా బతుకు. నాయినకు జ్వరమొచ్చి, భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికే తెలివి తప్పింది. నేను బస్సులు మారి చేరేలోపు మనిషి లేడు. దినాలు కాగానే అమ్మే నన్ను పంపించింది.

"ఈడుండి ఏం జేస్తవ్. పో, సదువుకో" అంది.

తిరిగొచ్చి మెస్‌లో తిన్నాను, క్లాసులకు వెళ్లాను, ఫార్మకాలజీ పరీక్ష రాశాను. ఏడవలేదు. ఏడుపును ఆపుకున్నానని కాదు. ఆపుకోవడానికి లోపల ఏదీ కదల్లేదు. పన్ను పీకేముందు మత్తు సూది ఇస్తే పెదవి ఎట్లా ఉంటుందో, నేను మొత్తంగా అట్లా ఉన్నాను.

అప్పుడే కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్న ఒక మేడం మా క్లాసుకు వచ్చింది. గుంటూరు వైపు మనిషి. వైద్య విద్యార్థుల ఒత్తిడి మీద ఆమె థీసిస్. పేరు అక్కర్లేదు, రోల్ నంబరు వేస్తే చాలని చెప్పి ప్రశ్నల కాగితాలు పంచింది. ఎక్కువ ఒత్తిడి ఉందని తేలినవాళ్లను పిలిచి మాట్లాడతానంది. నేను ప్రతి ప్రశ్నకూ 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. అబద్ధం చెప్పాలని కాదు. ఏమనిపిస్తోందని అడిగారు, నాకేమీ అనిపించడం లేదు.

తర్వాతి వారం నా రూమ్మేట్‌కు పిలుపొచ్చింది. ఆమెది కల్లూరు. పాథాలజీ తప్పుతానని దిగులు. ఒక్కతే పోలేక నన్ను తోడు తీసుకుపోయింది. మేడం ముందు కూర్చుని తన భయాలన్నీ చెప్పుకుంది. చివరికి నా వైపు చూపించింది.

"నాదేముంది మేడం. దీనికి వాళ్ల నాయిన పోయిండు. ఒక్కసారన్న ఏడ్వలే. నాకు గదే భయమైతాంది."

మేడం నా రోల్ నంబరు అడిగి, కట్టలోంచి నా కాగితం తీసి చూసింది.

"దీని ప్రకారం మీ క్లాసులో అందరికంటే బాగున్నది నువ్వే" అంది. నవ్వలేదు. "నాన్నగారికి ఏమైంది?"

చెప్పాను. వ్యవసాయం చేసే నడివయసు మగమనిషి, చలితో జ్వరం, వాంతులు, తర్వాత స్పృహ కోల్పోవడం. వార్డులో సార్ ముందు కేసు చెప్పినట్టే చెప్పాను. మధ్యలో రూమ్మేట్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిగా ఉందని గమనించాను, అంతే.

మేడం పెన్నుకు మూత పెట్టింది.

"దసరాకి ఇంటికి వెళ్తున్నావా?"

"వెళ్తున్న మేడం."

"నేను కూడా రావచ్చా?"

ఎందుకని నేను అడగలేదు. ఆమే చెప్పింది, థీసిస్ కోసం కాదని.

అట్లా ఇద్దరం బస్సెక్కాం. కొత్తగూడెం, మణుగూరు మీదుగా ఊరు చేరాం. ఆ ఏడు మాకు పండుగ లేదు. అమ్మ పప్పుచారు కాచి, వంకాయ వండింది. తిన్నాక అమ్మ వచ్చి మేడం పక్కన కూర్చుంది.

"నువ్వేం సదువుతున్నవ్ బిడ్డా?"

"ఈ పిల్లలు ఎలా చదువుతున్నారో అది చదువుతున్నానమ్మా."

"ఎట్ల సదువుతాండ్రు మరి?"

"భయపడుతూ."

"మా పిల్ల గూడానా?"

"మీ అమ్మాయి ఏమీ చెప్పదమ్మా."

"వాళ్ల నాయిన గూడ గంతే" అంది అమ్మ. "జరమొచ్చిందని ఎవ్వలకు చెప్పలే. చేన్ల పడిపోయినంక తెలిసింది."

నేను గోడకానుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆ సంగతి నాకు తెలియదు. చాట పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి జరిగాను.

"ఏ చేన్లనే?" అని అడిగాను.

"వాగు పక్కది."

నాయిన పోయాక ఆయన గురించి నేను అడిగిన మొదటి మాట అది. అమ్మ ఇక ఆగలేదు. ఎవరు మోసుకొచ్చారో, ఆటో ఎక్కడ దొరికిందో, గోదావరి వంతెన మీద ఆయన నీళ్లెట్లా అడిగాడో అంతా చెప్పింది. మేడం కాగితమూ పెన్నూ తీయలేదు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. ఆకలి మాత్రం వేసింది. లేచి మళ్లీ అన్నం పెట్టుకున్నాను.

మేడం మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయింది. తర్వాత నా కాగితాన్ని తీసేయకుండా, దిద్దకుండా, ఉన్నదున్నట్టే లెక్కలో కలిపింది. థీసిస్ చివర ఒక మాట రాసి నాకు చూపించింది, ఏ బాధా లేదన్నవాళ్లను కూడా పిలిచి మాట్లాడాలని. ఆమె గైడుకు అది అంతగా నచ్చలేదట, అయినా ఉండనిచ్చాడు. ఆమె పాసై వెళ్లిపోయింది. మా తర్వాతి బ్యాచులను సెల్‌ఫోన్ల గురించి అడగడం మొదలైంది.

నా మొద్దుబారినతనం ఆ దసరాతో పోలేదు. ఫైనలియర్ దాకా ఉంది, ఎప్పుడు తగ్గిందో నేను చెప్పలేను. ఆదివారాలు మాత్రం బూత్ నుంచి మా ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసేదాన్ని. వాళ్లు అమ్మను పిలిచేవారు.

"ఏందే, ఏమన్న ఉన్నదా?" అనేది.

"ఏం లేదే" అనేదాన్ని.

అట్లా అన్నాక కూడా చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేవాళ్లం కాదు.