మస్కట్ చేరేదాకా ఊడ్వని ఇల్లు

ఈ ఉదయం మా ఆవిడ మస్కట్‌లో ఉన్న చెల్లెలి దగ్గరకు విమానంలో బయలుదేరింది. ఆ విమానం సముద్రం మీద ఎక్కడుందో, ఇంకెంత దూరముందో సెల్‌ఫోనులో చూస్తూ కూర్చున్నాను. పనికి వచ్చే అమ్మాయి చీపురుతో గుమ్మంలో నిలబడి, ఊడ్చెయ్యనా బాబుగారూ అని అడిగింది. ఆగమన్నాను. అలా అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

డెబ్బైల చివర బందరు కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ నేను మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మావయ్యకు మస్కట్‌లో లెక్కలు రాసే ఉద్యోగం వచ్చింది. ప్రయాణమై వెళ్ళినవాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడ్వకూడదన్న నియమం మన తరంవారికి చెప్పనక్కర్లేదు. ఆయన గుడివాడ వెళితే అత్తయ్య మధ్యాహ్నానికే చీపురు పట్టేది, దివిసీమ వెళితే దీపాలవేళ దాకా ఆగేది. మస్కట్‌కు మాత్రం ఏ గడువూ తోచక, ఉత్తరం వచ్చేదాకా ఊడ్వనని కూర్చుంది. ఆయన రైల్లో బొంబాయి చేరేలోగానే గిలకలదిండి రేవు వైపు గాలికి గదుల్లో ఇసుక పేరుకుంది. పైగా మర్నాడు మొవ్వ నుంచి చుట్టాలు రాబోతున్నారు.

ఏ మాటనైనా రుజువు లేకుండా నమ్మని వయసు నాది. కాలేజీ నుంచి గ్లోబు తెచ్చి, బొంబాయి నుంచి మస్కట్‌కు దారం పరిచి కొలిచాను. పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు; రెండున్నర గంటల ప్రయాణం. ఆ రోజు పొద్దున్నే విమానం ఎక్కినవాడు మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడ ఉండక తప్పదని తేల్చాను. గుడివాడ బస్సు ఎప్పుడు చేరుతుందో చెప్పలేనివాడివి ఆకాశంలోది చెబుతావుట్రా అని అత్తయ్య నవ్వింది. అయినా నా చదువు మీద గౌరవంతో, భోజనాలయ్యాక ఇల్లంతా ఊడ్చింది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. ఆ రోజు విమానం కదలనే లేదట. అత్తయ్య ఊడ్చిన వేళకు మావయ్య బొంబాయిలోనే పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. దూరాన్ని, వేగాన్ని సరిచూసుకున్న నేను, అసలు విమానం బయలుదేరిందా అన్న ప్రశ్న వేసుకోలేదు.

ఆ వేసవిలో మావయ్యకు అక్కడ పచ్చకామెర్లు వచ్చాయి. అవి నీళ్ళవల్ల వస్తాయనీ, చీపురుకూ కాలేయానికీ ఏ సంబంధమూ లేదనీ అత్తయ్యకు ఎంతో ఓపికగా వివరించాను. అంతా శ్రద్ధగా విని ఆమె ఒక్క మాటే అంది.

"నీ లెక్క తప్పు కాదురా. నేనే తొందరపడ్డాను."

మావయ్య కోలుకున్నాడు, తిరిగొచ్చాడు, చాలాకాలం బతికాడు. ఆమె మనసులో నాటుకున్న ఆ మాట మాత్రం పోలేదు. ఆ తరువాత ఆయన గుడివాడ వెళ్ళినా, ఎవరో ఒకరు వచ్చి చేరాడని చెబితే తప్ప చీపురు ముట్టేది కాదు. నా శాస్త్రం తప్పలేదు. ఆమెను ఓదార్చడానికి అది చాలలేదు, అంతే.

ఇప్పుడు విమానం ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు. వెళ్ళినవారి కారు వీధి మలుపు తిరగకముందే ఇళ్ళు ఊడ్చేస్తున్నారు. ఆ నియమంలో నిజం లేదని నాకు ఈనాటికీ సందేహం లేదు. అయినా, విమానం దిగిందని ఫోను చూపించాక కూడా, మా ఆవిడ గొంతు వినేదాకా మా ఇంట్లో చీపురు మూలనే ఉంది.