ఏడుగురు పిల్లలు, ఇరవై రెండు పేర్లు

"...గా లెక్క నువ్వే రాసినవా, మీ మేడం రాయమంటె రాసినవా? గది చెప్పు ముందు!"

"నేనే రాసిన సార్. మూడుసార్లు వచ్చి, చూసి రాసిన."

"వచ్చినవ్. చాయ్ తాగినవ్. పిల్లగాండ్లతోని ఫోటోలు దిగినవ్. నన్ను ఒక్క మాటన్న అడిగినవా?"

"అడిగితె నిజం చెప్తుంటిరా?"

వరండాలో నడుస్తున్న మహానంద కాళ్లు ఆగిపోయాయి. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి గొంతుల్లో ఒకటి సుప్రీతది. రెండోది మగగొంతు, ఎక్కడో విన్నదే కానీ ఎవరిదో అందలేదు. సుప్రీత అన్న చివరి మాట మాత్రం ఆమెకు గుచ్చుకుంది. అట్లా ఎదురడగడం ఆ పిల్లకు నేర్పింది తనే.

తలుపు తోసింది.

సుప్రీత గోడకు ఆనుకుని, చుట్టిన చార్టును ఛాతీకి అదుముకుని నిలబడింది. ఆమె ఎదుట యాభై అయిదు దాటిన మనిషి, మెడలో మఫ్లర్, చేతిలో హెల్మెట్. ప్యాంటు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. వెనక బెంచీలో జమున ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. శనివారం తరగతికి ఎప్పుడూ ముందుగా వచ్చేది ఆ ఇద్దరే.

"నేను శంకరప్పను," అన్నాడాయన. "లోక్యా తండా బడిపంతుల్ని. మీ నాయిన రేవప్ప సేట్ దుకాండ్ల ఇరవై ఏండ్లు కంది అమ్మిన. నువ్వు గల్లపెట్టె పక్కన కూసొని లెక్కలు చేసుకుంటుంటివి, యాదున్నదా మహానందమ్మా?"

మహానందకు అప్పుడు గుర్తొచ్చాడు. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

ఆమె నారాయణఖేడ్ ప్రభుత్వ కాలేజీలో సివిక్స్ చెబుతుంది. పదకొండేళ్లుగా గెస్టు లెక్చరరే. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, బజారులో ఉర్దూ కలిసిన ఊరి మాట. పెళ్లి కుదిరి తప్పిపోయాక మళ్లీ ఆ ఊసు ఎవరినీ ఎత్తనివ్వలేదు. తండ్రి ధాన్యం దుకాణంలో ఆమెకు నచ్చింది ఒక్కటే, బస్తాలో గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టం. రైతు ఎంత తెలిసినవాడైనా రేవప్ప పైన గుచ్చి, నడుమ గుచ్చి, అడుగున గుచ్చి, మూడు గుప్పిళ్లూ పక్కపక్కన పోసి చూసిన తర్వాతే ధర చెప్పేవాడు.

రెండో సంవత్సరం పిల్లలు డిగ్రీకి పోయేలోపు ఆ పనే మాటలతో చేయడం నేర్చుకోవాలని ఆమె పట్టుదల. సిలబస్‌లో లేదు. జీతంలోనూ లేదు. శనివారాలు మధ్యాహ్నం గంట కొట్టాక కూర్చోబెట్టేది. ఎవరేం చెప్పినా "నీకెట్ల తెల్సు?" అని అడిగేది. పిల్లలు ఆమె వెనక 'ఎట్లతెల్సు మేడం' అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి కల్హేర్ వైపు ఏదో బావినీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులు పోతాయని పుకారు లేచింది. ప్రతాప్ అనే కుర్రాడు నోటుబుక్కు పట్టుకుని సంతలో నలభై మందిని అడిగి వచ్చాడు. ముప్పై ఎనిమిది మంది ఎవరో చెప్తే విన్నవాళ్లు. తాగినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ ఇంకా కుంటుతూనే ఉన్నారు. ఆ రోజు తరగతిలో నవ్వీ నవ్వీ అందరికీ పొట్టలు నొప్పి పుట్టాయి.

ఈ ఏడు సుప్రీత తీసుకున్నది బడుల సంగతి. కంగ్టి వైపు లోక్యా తండాలో ఒకే పంతులున్న బడి. సిగ్నల్ అందదు కాబట్టి హాజరు ఫోన్లో పడదు, ఇంకా రిజిస్టరే. రిజిస్టర్లో ఇరవై రెండు పేర్లు, ఇరవై రెండిటికీ హాజరు. గదిలో ఏడుగురు. సుప్రీత డిసెంబరు చివర ఒకసారి, జనవరిలో రెండుసార్లు పోయింది. మూడుసార్లూ ఏడుగురే. మొన్న గురువారం ఆ చార్టును జిల్లా ప్రదర్శనకు ఎంపిక చేశారు. చూడటానికి వచ్చిన విద్యాశాఖ అధికారి ఒకాయన దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, "ఇట్లాంటి పిల్లలు కావాలమ్మా మనకు," అని సుప్రీత భుజం తట్టాడు. ఆ సాయంత్రమంతా మహానంద ఒంటరిగా నవ్వుకుంటూనే ఉంది.

"నిన్న ఫోనొచ్చింది," అన్నాడు శంకరప్ప. "మంగళారం తనిఖీ. ఏడుగురే ఉన్నరని రాసుకొని పోతరు. ఇరవైకి తక్కువుంటె పక్కూరి బడిల కలుపుతరట, అందరు అదే అంటుండ్రు. పక్కూరికి పోవాల్నంటె నడుమ వాగు. వానాకాలం నడుముల్దాక నీళ్లు. ఒకటో తరగతి పోరగాండ్లు దాటుతరా?"

"మరి రిజిస్టర్ల ఇరవై రెండు ఎందుకు రాసిండ్రు సార్?"

"నువ్వు గుడ అదే అడుగుతవ్?" శంకరప్ప హెల్మెట్‌ను బెంచీ మీద ఠప్పున పెట్టాడు. "మీ నాయిన బస్తల మూడుతాన్ల గుచ్చుతుండె. నువ్వు పైన గుచ్చి, గవే గింజలని ధర కట్టినవ్."

"సార్, గట్ల కాదు," అంది సుప్రీత. ఒక అడుగు ముందుకు వేసింది. "నేను ఒక్కరోజు చూసి రాయలే. మూడుసార్లు పోయిన. మేడమే మూడుసార్లు పొమ్మన్నది. ఏడుగురున్నరు, ఏడుగురని రాసిన. లేనోళ్లను ఉన్నరని ఎట్ల రాయాలె?"

"నేను రాయమన్ననా? తప్పయింది, పండుగ దినాలల్ల పోయినమని ఒక్క మాట చెప్పుండ్రి. చాలు. మీ చార్టు మీకుంటది, మా బడి మాకుంటది."

ఆ మాట చెప్పడం మహానందకు చాలా తేలిక. పండుగ రోజుల్లో పోయారు సార్, పిల్లలకు తెలియలేదు సార్, అంటే అధికారి నవ్వి వదిలేస్తాడు కూడా. కానీ ఎదురుగా సుప్రీత కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి. ఆర్నెల్లు చెప్పింది ఒక్క మాటతో ఏమవుతుందో చూద్దామన్నట్టు ఉన్నాయి.

"మేడం," అని వెనక నుంచి జమున పిలిచింది.

జమున శనివారం తరగతిలో ఎన్నడూ నోరు విప్పని పిల్ల. అన్నీ రాసుకునేది. హాస్టల్లో ఉంటుంది. ఇల్లు కంగ్టి వైపని తెలుసు గానీ ఏ తండానో మహానంద ఎప్పుడూ అడగలేదు.

"గా లేనోళ్లల్ల మా తమ్ముడున్నడు."

శంకరప్ప చటుక్కున తిరిగాడు. "ఎవరు బిడ్డా? జమునవా? గుర్తే పట్టలే!"

"ఔ సార్." ఆమె లేచి నిలబడింది. "వాళ్లంత చెర్కు కొట్టనీకి పోయిండ్రు మేడం. బీదర్ దిక్కు. దసర ఎల్లినంక మేస్త్రి లారీ పంపుతడు. అమ్మ, నాయిన, పోరగాండ్లు అందరు ఎక్కుతరు. ఇంట్ల ముసలోళ్లుంటరు. గా ముసలోళ్ల దగ్గర ఇడిసిన పిల్లలే బడికొస్తరు. వాళ్లే ఏడుగురు. ఉగాదికి మళ్ల అందరొస్తరు."

బయట బస్టాండు వైపు నుంచి ఆటోల హారన్లు వినబడుతున్నాయి.

"నేను మూడో తరగతి, నాలుగో తరగతి చలికాలమంత గాడ్నే ఉన్న," అంది జమున. "చెర్కు గడ్డి కట్టలు కడుతుంటి. మళ్లొస్తె సార్ రిజిస్టర్ల నా పేరుండె. నా జాగల నేను కూసున్న. మా చిన్నమ్మోళ్ల తండాల సార్ పేరు కొట్టేసిండు. మళ్ల చేర్పియ్యాల్నంటె కాయితాలు తెమ్మన్నరట. మా బాబాయి రెండుసార్లు తిరిగి ఇడిసిపెట్టిండు. గా పిల్ల నాతోటిది. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు."

మహానంద ఆమె బెంచీ దగ్గరికి వచ్చింది. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు జమునా? సుప్రీత చార్టు ఇక్కడ్నే పెట్టింది కద. నువ్వు చూసినవ్."

జమున సుప్రీత వైపు చూసింది, తర్వాత నేలవైపు.

"మీరు బడికి ఎంతమంది వస్తుండ్రు అని అడగమన్నరు మేడం. రానోళ్లు ఎటు పోయిండ్రు అని అడగమనలే." నోటుబుక్కు మూసేసింది. "ఇంగ హాస్టల్ల చెర్కు కొట్టేటోళ్ల బిడ్డ అంటరని."

సుప్రీత చార్టును మెల్లగా బల్ల మీద పెట్టింది. "అంటె నా లెక్క తప్పా మేడం?"

"నీ లెక్క తప్పు కాదు," అంది మహానంద. "నువ్వు చూసినప్పుడు ఏడుగురే ఉన్నరు. అంత చెర్కు కాలమే, నెల రోజుల్ల మూడుసార్లు పోతే మూడుసార్లయితదా? ఒక్కసారే అయితది. ప్రశ్న నేను తప్పిచ్చిన."

"గిదే! గిదే నేను చెప్తున్న," అన్నాడు శంకరప్ప. మొదటిసారి కూర్చున్నాడు. "గీ మాట మంగళారం ఆయనకు చెప్పమ్మా. పదిహేను మంది వలస పోయిండ్రు, ఉగాదికి వస్తరని."

మహానంద చార్టు విప్పింది. కింద చిన్న అక్షరాల్లో రాని పిల్లల పేర్లన్నీ సుప్రీత రాసి ఉంచింది. పదిహేను. జమునను పిలిచి పెన్సిల్ ఇచ్చింది.

"చెర్కుకు పోయినోళ్ల పేర్ల పక్కన గీత పెట్టు. నీకు తెల్సినోళ్లకే. ఎట్ల తెల్సో గుడ చెప్పు."

జమున ఒక్కొక్క పేరు దగ్గర ఆగి చెప్పింది. ఈ పిల్ల మా మేనత్త బిడ్డ. వీడు మా తమ్మునితోని ఉన్నడు, నాతోని ఫోన్ల మాట్లాడిండు. వీళ్లిద్దరు మా గుడిసె పక్కన గుడిసెల ఉంటరు. పెన్సిల్ పన్నెండు గీతలు పెట్టి ఆగింది.

"గీ ముగ్గురు?" అంది మహానంద.

"పండుగకు నేను పోయినప్పుడు వీళ్లను గాడ చూడలే మేడం." జమున తల ఎత్తకుండానే శంకరప్ప వైపు తిరిగింది. "సార్‌కు తెల్సుండొచ్చు."

శంకరప్ప మఫ్లర్ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"సార్?"

"ఇద్దరన్నదమ్ములు. పుణెల ఇండ్లు కట్టే పనికి పోయిండ్రు వాళ్ల తల్లిదండ్రులు. రెండేండ్లాయె."

"వస్తరా?"

"వస్తమనే పోయిండ్రు."

"వస్తరా సార్?"

"రారు." అన్నాడాయన. "మూడోడు గురుకులంల చదువుతుండు. ఆడ గుడ పేరుంది."

మహానంద కూడిక చేయనవసరం లేకపోయింది. గదిలో నలుగురూ ఒకేసారి చేశారు. ఏడూ పన్నెండూ పంతొమ్మిది. ఇరవైకి ఒకటి తక్కువ.

సుప్రీతే ముందు తేరుకుంది. ఇందాకటి పౌరుషం ఆ పిల్ల ముఖంలో లేదు. "మేడం, ముగ్గురే కద. పన్నెండుకు పదిహేనని..." అని సగంలో ఆపేసింది.

అప్పుడే మహానంద ఫోను మోగింది. గురువారం వచ్చిన అధికారి. ఆమె స్పీకరు పెట్టలేదు గానీ ఆయన గొంతు పెద్దది, గదికంతా వినబడింది. ఒరిజినల్ చార్టు మంగళవారం ఉదయం తండాకే తెప్పించండి, సుప్రీతను కూడా తీసుకురండి, రిజిస్టర్ ముందు పెట్టి అడుగుదాం, అన్నాడు.

"సార్, లెక్క ఇంక పూర్తి కాలేదు," అంది మహానంద.

"ఫోటో నా దగ్గరుంది కదమ్మా. అది చాలు. పిల్లలు బాగా చేశారు, మీరు తక్కువ చేసుకోకండి."

"చార్టుల సగమే ఉంది సార్. రానోళ్లు యాడున్నరో మేం చూడలే."

"రానోళ్లు రానోళ్లే కదా. ఎక్కడుంటే ఏంది?" ఆయన నవ్వాడు. "మంగళవారం, పదింటికి."

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. శంకరప్ప లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఇప్పుడాయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నప్పుడే తట్టుకోవడం నయమనిపించింది ఆమెకు.

"మహానందమ్మా, నాకింకా నాలుగేండ్ల సర్వీసున్నది. నన్ను యాడికన్న ఏస్తరు, నాకు ఫికరు లేదు. బడి పోతది. పోయిన బడి మళ్ల రాదు. నీ దగ్గర చదివే పిల్లలు పట్నంల కాలేజిల ఫారాలు నింపుతరు. గీ జమున యాడికెల్లి వచ్చిందో చూసినవ్ కద. మూడు పేర్లు. నువ్వు ఎవ్వర్ని మోసం చేస్తలేవు. ఊకుంటె చాలు. ఆ ముగ్గురి మాట నువ్వు ఎత్తకు, ఎవ్వరు అడగరు."

నిజమే. ఎవరూ అడగరు. పదిహేను మంది వలస పోయారని ఒక కాగితం రాసి, కింద సంతకం పెడితే, ఆ అధికారి పుణె దాకా పోయి చూడడు. బడి ఉంటుంది. వచ్చే జూన్‌లో జమున తమ్ముడు తన జాగాలో కూర్చుంటాడు. ఇటు చూస్తే సుప్రీత. సగంలో ఆపిన ఆ మాట ఇంకా ఆ పిల్ల పెదవుల మీదే ఉన్నట్టుంది. ఆర్నెల్లలో మొదటిసారి ఆ పిల్ల తనకు తెలిసిన అంకెను మార్చడానికి సిద్ధపడింది. అదీ మంచికోసమే.

మహానంద జమునను అడిగింది. "మీ అమ్మోళ్లు ఉండే జాగ నీకు ఎర్కేనా?"

"బీదర్ల దిగి ఆటోల పోవాలె మేడం. ఫ్యాక్టరీ గేటు ముంగట అడిగితె చెప్తరు. ఆడ కన్నడమే మాట్లాడుతరు."

"కన్నడం నేను మాట్లాడుత."

"ఎందుకు మేడం?" అంది సుప్రీత.

మహానంద చార్టును మళ్లీ చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. శంకరప్ప నిలబడే ఉన్నాడు. జమున చేతిలో పెన్సిలు ఇంకా అట్లాగే ఉంది.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నువ్వు, జమున, నేను ముగ్గురం బీదర్ పోతున్నం," అంది మహానంద. "హాస్టల్ల వార్డెన్‌కు నేను చెప్త. పన్నెండు మందిని కండ్లతోని చూసి, పేరుపేరున రాసుకొని, ఫోటోలు తీసుకొని వస్తం. మంగళారం పదింటికి తండాకు నేనే వస్త సార్. పంతొమ్మిది అని రాసిస్త."