కోడ్‌లోంచి తీసేసిన తలుపు

మా పైఅధికారి వర్లి చాలీల్లో, ఇరుకు గదుల వరసల్లో, పుట్టిన తెలుగువాడు. ఆ సంగతి బయటపడకూడదని ఆఫీసులో మరాఠీ తప్ప మాట్లాడేవాడు కాదు. నాది తెలుగు కూలీల పేట కామాఠిపుర అని తెలిశాక నా మొహం చూడటం కూడా మానేశాడు. నాకూ అతనంటే ఒళ్లు మంట.

మేం లిఫ్టులను నడిపే బోర్డులు తయారుచేస్తాం. పాత ప్రాసెసర్ మానేసి చవకగా దొరికే కొత్తది వాడదామని, కోడ్ ఇంకా చిన్నదవుతుందని అతను యజమానికి మాటిచ్చేశాడు. ఒకే ప్రోగ్రాంను రెండింటికీ కంపైల్ చేసి, అంటే ఆ చిప్‌ల భాషలోకి మార్చి, ఎక్కడ ఎంత చోటు పడుతుందో చూసే పని నాకు అప్పగించారు. పాతదానిలో చిన్న పనికి చిన్న ఆదేశం సరిపోతుంది. కొత్తదానిలో ప్రతి ఆదేశానికీ ఒకే పొడవు. ఒక అంకెకు ఇంకో అంకె కలపాలన్నా అంత చోటూ కావాల్సిందే. ప్రోగ్రాం ఉబ్బిపోయి చిప్ మెమరీలో పట్టలేదు. అదే చెప్పాను. నా లెక్కే తప్పని కసిరాడు.

యజమాని ముందు కూర్చున్న రోజు తన పోలిక తెర మీద చూపించాడు. అందులో కొత్తదే చిన్నది! అనుమానమొచ్చి అక్కడే నా ల్యాప్‌టాప్‌లో రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన తెరిచాను. తలుపు పూర్తిగా మూసుకుందో లేదో చూసే భాగం కొత్తదానిలో లేదు.

"ఇవి రెండూ ఒకే ప్రోగ్రాం కాదు. తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది" అని హిందీలో అందరికీ వినబడేలా చెప్పాను.

సరిచేయమని చెప్పి యజమాని లేచి వెళ్లాక అతనికి తెలుగు వచ్చింది.

"ఏందే, కామాఠిపుర గల్లీల పుట్టి నాకు నేర్పుతవా?"

"తలుపుల ఇరికి మనిషి సస్తే మీరొస్తరా సార్ ఎత్తనీకి?"

"నీ నోరే నీకు శత్రువు. ఎన్ని దినాలుంటవో ఈడ, నేన్ జూస్త."

అన్నంత పనీ చేశాడు. రిపేరుకొచ్చిన బోర్డుల దుమ్ము దులిపే గదిలోకి నన్ను తోశారు. ఫాక్‌లాండ్ రోడ్ పక్క మా చాలీలో ఆ సాయంత్రం అన్నం పెడుతూ అమ్మ అడిగింది: "నోరు మూస్కోనుంటే ఏం పోతుండె బిడ్డా?"

కంచం తోసేసి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

చివరికి పెద్ద మెమరీ ఉన్న చిప్ తెప్పించి, తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టారు. అలా సరిదిద్దిన జాగ్రత్త తనదేనని పైఅధికారి యజమానికి చెప్పుకొని మెప్పు కొట్టేశాడు. నిన్న మెట్ల మీద ఎదురై, మరాఠీలో బాగున్నావా అని పలకరించాడు. అతని పక్కనుంచి దిగిపోయాను.