గౌరమ్మక్క ఎక్కిన నీళ్ల లిఫ్టు

పక్కింటి మిద్దె మీద ట్యాంకు నిండి, నీళ్లు రేకుల మీద దబదబా పడుతున్న చప్పుడుకు ఈ ఉదయం కూడా మెలకువ వచ్చింది. ఆదోనిలో కొళాయి కోసం బిందెలు వరుసలో పెట్టుకుని కాచుకునే వీధి మాది. అలాంటి చోట మోటారు వేసి నిద్రపోయేవాళ్లను ఏమనాలి? నోటికి వచ్చినవన్నీ అన్నాను. అయినా ఆ చప్పుడు వింటే కోపం వెనకాలే గౌరమ్మక్క గుర్తుకొస్తుంది. నీళ్ల బరువుతో మనిషిని పైకెత్తే పని నా చేత చేయించింది ఆమె.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టి, రాణి వేషాలకు పేరు తెచ్చుకుని, చివరికి సొంతంగా నాటక సమాజం నడిపిన మనిషి. నేనప్పుడు ఆదోనిలో పత్తి మిల్లు ఫిట్టరును. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేను నేర్చుకున్నదే. ఒక సాయంత్రం నన్ను పిలిపించి, తాను కొత్తగా రాసిన నాటకం చెప్పింది. ఏ చరిత్రలోనూ లేని కోట. అందులో రాణి రోజూ బురుజు పైకి పోయి ఊరిని చూస్తుంది. రాణి వేషం ఆమెదే. కానీ అప్పటికే మోకాళ్లు అరిగి, గడప దాటాలన్నా గోడ పట్టుకునేది. ఆ వేషం ఎవరైనా చిన్న వయసామెకు ఇచ్చెయ్యమని సమాజంలో గొణుగుడు మొదలైంది.

"తెర వెనకాల నలుగురు తాడు లాగితే సరిపోతాది గదక్కా," అన్నాను.

"మనుషులు లాగితే శవాన్ని ఎత్తినట్లుంటాదప్పా! నా కోటలో కరెంటు లేదు, మోటారు లేదు. నీళ్లుండాయి. నీళ్లతోనే ఎక్కించు. నువ్వు ఎక్కిస్తే నేను రాణి. లేకుంటే ముసిల్దాన్ని."

చేస్తానన్నాను, చేశాను కూడా. మిల్లులో తీసేసిన కప్పీ మీదుగా గట్టి తాడు వేశాను. ఒక కొసకు ఆమె కూర్చునే పీట, రెండో కొసకు డ్రమ్ము. బురుజు మీది తొట్టి నుంచి డ్రమ్ములోకి నీళ్లు వదిలితే, పీట బరువును మించగానే డ్రమ్ము దిగుతుంది, రాణి లేస్తుంది. కింద డ్రమ్ము ఖాళీ చేస్తే ఆమె బరువే ఆమెను దించుతుంది. వేగం మించకుండా కప్పీకి కొయ్య బ్రేకు. పైకి కనబడే కోట రంగు గుడ్డే అయినా, లోపల ఇనుప స్తంభాలు. ముందు పత్తి మూటలు ఎక్కించి దించి చూసుకున్నాకే ఆమెను కూర్చోబెట్టాను.

రిహార్సల్లో ఒక్క కుదుపు లేకుండా లేచింది. చిక్కంతా దిగేటప్పుడు వచ్చింది. డ్రమ్ముకు నేను పెట్టింది మంచినీళ్ల కుండకు పెట్టే చిన్న కొళాయి. పెద్దది పెడితే నీళ్లన్నీ నేలపాలవుతాయని నాకు చెయ్యి రాలేదు. కరువులో పుట్టినవాడి చెయ్యి అది. సన్నటి ధారను బకెట్‌లో పట్టుకుంటూ కూర్చున్నాను. మంత్రి వేషగాడు తన పద్యాలన్నీ ముగించి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"ఏం ఈరన్నా! నేను దిగేలోపల రాజ్యం పోయేట్టుంది!" పైనుంచి అరిచింది.

"నీళ్లు యాడ పారబోయమంటావక్కా? ఊర్లో బిందె కోసం కొట్లాడతాంటే!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎట్టకేలకు దిగి, నా భుజం పట్టుకుని నిలబడింది. "నీ బాధ న్యాయమే. అయితే నువ్వు నీళ్లు పట్టుకోని కూసుంటే నేను పైననే ఉండిపోతా. వదలల్లప్పా. వదిలేముందు అవి యాడికి పోవల్లో దారి చెయ్యి."

పెద్ద వాల్వు బిగించాను. దాని నుంచి స్టేజీ కింద గొట్టం వేసి, బయట బండ్లు ఆపే చోటున్న పశువుల తొట్టికి కలిపాను.

నాటకం నాడు కోసిగి వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పొద్దుగూకే వేళ రాణి పైకి లేచింది. జనం నోళ్లు తెరుచుకుని చూశారు, ఆపైన ఈలలు. ఆమె ఊరిని చూసింది, మాట చెప్పింది, దిగింది. నీళ్లు బయటి తొట్టిలోకి దూకాయి. అంతలో ఎద్దులను పట్టుకుని నిలబడిన ఒక రైతు వెనక నుంచి కేకేశాడు.

"రాణెమ్మా! ఇంగొకతూరి ఎక్కి దిగమ్మా! మా ఎద్దులకు సాల్లేదు!"

జనం పగలబడి నవ్వారు. నాటకం పాడైందని మంత్రి తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం రాణి ఠీవి ఇసుమంతైనా సడలకుండా నా వైపు తిరిగి, "ఈరన్నా, ప్రజలు అడుగుతాండారు. ఎక్కించు," అంది. రాసిన నాటకంలో ఆ మాట లేదు. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. ఆ సాయంత్రం తర్వాత వేషం మార్చాలన్న మాట ఎవరి నోటా రాలేదు. తానుగా చాలనుకునే వరకు ఆ కోటకు ఆమే రాణి.

లోపల మోటారు దాచారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. చూడనివాళ్లకే నోరెక్కువ. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత నేను ఏ యంత్రం గీసినా, ఏది ఎక్కడ నుంచి వస్తుందని కాక, వదిలింది ఎక్కడికి పోతుందని మొదట గీశాను. ఏదీ నన్ను తలవంచుకునేలా చెయ్యలేదు.

ఈ ఉదయం తిట్లయ్యాక పైపు భుజాన వేసుకుని పక్కింటి మిద్దె ఎక్కాను. వీధి చివర ఆవులు నీళ్లు తాగే తొట్టి ఉంది. అంతవరకు పైపు అందుతుంది. ఇంటాయన కళ్లు నులుముకుంటూ వచ్చి, "ఏం చేస్తాండావు పెద్దాయనా?" అన్నాడు.

"నీళ్లకు దారి చేస్తాండా," అన్నాను. "నువ్వు పోయి పండుకోప్పా."