పన్నెండు రోజుల మనిషి, ఆరు రోజుల మనిషి

మదనపల్లెలో మూడేళ్ళు లెక్కలు చదివి నేను సంపాదించినవి రెండు: ఒక డిగ్రీ, పుంగనూరు ట్యుటోరియల్‌లో సాయంత్రం రెండు గంటల పని. అందుకని మా ఆవిడ జూనియర్ అసిస్టెంటు పరీక్ష రాస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఇంట్లో ఉండేదే ఇద్దరం. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఉద్యోగం వస్తే సోమల దగ్గర పల్లెలో కూలికి పోయే వాళ్ళమ్మను మా దగ్గర పెట్టుకోవాలని ఆమె పట్టు.

పరీక్షకు లెక్కలు నేనే చెప్పేవాణ్ణి. శాతాలు, సరాసరులు నాకంటే వేగంగా చేసేది. కాలం-పని దగ్గర ఆగిపోయింది.

"ఒక పనిని ఒకామె పన్నెండు రోజుల్లో, ఇంకొకామె ఆరు రోజుల్లో చేస్తుంది. కలిసి చేస్తే?"

"ఆరు."

"మే, ఆరు రోజులు ఆ ఒక్కామెకే సాలు. రెండో ఆమె వచ్చి ఏం చేసినట్టు?"

"పనే చేసింది. యాల, ఊరికే కూసోనుంటాదా?"

ఎక్స్ పెట్టి సమీకరణం రాసి నాలుగని చూపించాను. అంకెలు మార్చి ఇరవై, ఐదు ఇచ్చాను. నాలుగు రావాలి. ఆమె పది అంది. ఐదు రోజుల మనిషికి తోడు దొరికేసరికి రోజులు రెట్టింపయ్యాయి. గమనిస్తే ప్రతిసారీ నెమ్మది మనిషి రోజుల్లో సగం చెబుతోంది. తప్పుకు కూడా ఒక పద్ధతి ఉంది. నా ట్యుటోరియల్ పిల్లల్లో అదీ లేదు.

మూడో రోజు, "ఎట్లొచ్చింది?" అని అడిగాను. మొదటిరోజే అడగాల్సింది.

"శనిక్కాయ చేలో కలుపుకు అందరం వరసగా కూసుంటాం. తలా ఒక సాలు. బిరబిరా పీకేటోళ్ళు ముందుకు పోరప్పా. పోతే యెనకబడినామె ఒక్కతే ఆసామి కంట్లో పడతాది. మర్నాడు ఆమెను పిలవరు. ఆమె ఎట్ల జరిగితే అందరం అట్లే జరగాల."

"మీ అమ్మ పక్కన నువ్వు కూసునేదానివా?"

"ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నేను గడ్డి పీకి, మన్ను దులిపి, మళ్ళీ దులిపేదాన్ని."

ఆ చేలో ఆమె జవాబే సరి. పరీక్ష మాత్రం ఆ చేలో పెట్టరు.

పుస్తకం మళ్ళీ ఆమె ముందుకు జరిపి అన్నాను: "ఈ పుస్తకంలో వాళ్ళిద్దరికీ కయ్యం. మాటల్లేవు. ఒకామె తూర్పు గట్టు నుంచి, ఒకామె పడమటి గట్టు నుంచి పీకుతాండారు. ఒకరి మొగం ఒకరు సూసుకోరు."

ఆమె పెన్సిల్ తీసింది. "అయితే ఎవురి జోరు వాళ్ళదే. రోజుకు ఈమె పన్నెండో వంతు, ఆమె ఆరో వంతు. కలిపితే నాలుగో వంతు. నాలుగు రోజులు. ఈ మాట ముందే సెప్పేదానికేం? నీకు డిగ్రీ ఎవురిచ్చినారప్పా?"

ఆ తర్వాత ఏ లెక్క ఇచ్చినా ముందు "వీళ్ళకు మాటలుండాయా?" అని అడిగేది. లేవనేవాణ్ణి. తొట్టి నింపే కొళాయి, ఖాళీ చేసే కొళాయి వచ్చినప్పుడు మాత్రం, "వీళ్ళ సంగతి నువ్వు సెప్పాల్సిన పన్లే," అంది.

పరీక్ష మదనపల్లెలో. రాసి బయటికొచ్చిన మనిషి నేరుగా పోయి బస్సెక్కింది. బస్సు కదిలాక అంది:

"అమ్మ పదైదు రోజులు, కూతురు పది రోజులు, కలిసి చేస్తే ఎన్నని ఇచ్చినారు."

నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను. "ఏం పెట్టినావు?"

"వాళ్ళకు నేను యాడ కయ్యం పెట్టేది? శానాసేపు పెన్ను పట్టుకోని కూసున్నా."

"పెట్టిందేమి?"

"ఆరు," అంది. ఆరే సరి. "పెట్టకపోతే మాయమ్మ ఇంకా ఆ చేలోనే కూసోవాల గదా." తర్వాత పుంగనూరు దాకా బయటికే చూస్తూ కూర్చుంది. ఆ లెక్కలో ఆమెకు మార్కు వచ్చినందుకు సంతోషించాలో, ఓదార్చాలో నాకు తెలియలేదు. వేరుశనక్కాయలు కొనిచ్చాను.

ఉద్యోగం కుప్పంలో వచ్చింది. ముగ్గురికి సరిపడే ఇల్లు చూడటానికి ఇద్దరం పోయాం. గడపకు ముందు మూడు మెట్ల కంటే ఎక్కువున్న ఇళ్ళన్నీ ఆమె లోపలికైనా రాకుండా వద్దంది. మేడమీద గాలి బాగుంటుందని నేనొకసారి అన్నాను. ఒకసారే.