కారులో చోటు

రాలిత్సా మా బడికి వచ్చేటప్పటికి ఆమె కొడుకు బొరిల్‌కి మూడేళ్లు. వాళ్లది బల్గేరియాలోని స్లివెన్. మేమూ బల్గేరియన్లమే, కాకపోతే మా తాతలు తుర్కుల పాలన భరించలేక పారిపోయి వచ్చి ఈ మోల్డోవా మైదానంలో స్థిరపడ్డారు. మా భాష ఆ తాతల కాలంలోనే ఆగిపోయిందని అక్కడి ప్రభుత్వానికి మా మీద ఒక జాలి. అందుకని దాన్ని బాగుచేయడానికి అప్పుడప్పుడూ ఒక టీచర్‌ని పంపిస్తుంది. వచ్చినవాళ్లు ఒక చలికాలం చూసి జారుకుంటారు.

ఈమె కూడా అంతేననుకున్నాను. ఎత్తు మడమల బూట్లేసుకుని మా బురదలో దిగింది. చంకలో దగ్గుతున్న పిల్లాడు.

"ఎన్నాళ్లుంటావమ్మా?" అని అడిగాను. ఆ బడిలో నేను లెక్కల టీచర్‌ని.

"మూడేళ్లకి సంతకం పెట్టానండీ."

"సంతకాలకేముందిలే, అందరూ పెడతారు," అన్నాను.

ఆమె ఉండిపోయింది. బూట్లు మాత్రం నెల తిరక్కుండానే చచ్చాయి. నన్ను వార్వరా అక్కా అనడం మొదలుపెట్టింది, నేను వద్దనలేదు.

మా హెడ్మాస్టర్ హర్లాంపి గురించి కూడా చెప్పాలి, ఇష్టం లేకపోయినా. వచ్చిన రోజు ఆమెకి రొట్టె, ఉప్పు పళ్లెంలో పెట్టి ఎదురెళ్లాడు. ఫొటో తీయించుకున్నాడు. ఫొటో అయిపోగానే తరగతికి మరుగుదొడ్ల పక్క గది ఇచ్చాడు. ఆ గదిలో పొయ్యి వెలిగిస్తే వేడి బయటికీ పొగ లోపలికీ పోతాయి. ఆమె పాఠాల కోసం బల్గేరియా నుంచి ఒక ప్రొజెక్టర్ వచ్చింది. దాన్ని మోసుకుపోయి వాళ్లింట్లో గోడ మీద ఫుట్‌బాల్ చూసుకునేవాడు. ఒకసారి ఆమె వెళ్లి అడిగింది.

"బడిలో పెడితే దొంగలెత్తుకుపోతారమ్మా," అన్నాడు.

"ఇప్పుడెక్కడుంది సార్?"

"మా ఇంట్లో భద్రంగా ఉంది."

"అయితే ఇంక దొంగల భయమెందుకు లెండి," అని వచ్చేసింది.

ఆ మాటతో నాకు ఆమె మీద కొంచెం గురి కుదిరింది.

ఆమె అద్దెకున్నది దోమ్నికా అవ్వ ఇంట్లో. ఆ ముసలిదాని నోటికి ఊళ్లో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. తల్లి బడికి పోతే బొరిల్ ఆవిడ వెనకే తిరిగేవాడు. బాతులకి మేత, ద్రాక్ష తీగలకి కట్లు, మధ్యాహ్నం జున్ను పెట్టిన మిలినా రొట్టె, సాయంత్రం పొయ్యి పక్కన నిద్ర. తల్లి బళ్లో శుద్ధమైన భాష నేర్పుతుంటే కొడుకు పెరట్లో మా మోటు భాషలో పుంజుని తిడుతుండేవాడు. "నీ ఈకలు పీక, దిగరా గోడ," అని వాడు అరిస్తే వీధి చివరి దాకా వినిపించేది. రాలిత్సా తల పట్టుకునేది. అవ్వ మాత్రం, "నోరుంటేనే పిల్లాడు బతుకుతాడే," అనేది.

మొగుడు ప్లామెన్‌కి స్లివెన్‌లో టైర్ల దుకాణం ఉంది. మూడేళ్లలో ఒక్కసారీ రాలేదు. మొదటి ఏడు రోడ్లు బాగోలేవన్నాడు. రెండో ఏడు నడుం నొప్పన్నాడు. మూడో ఏడు నడుం బాగుపడింది కాబోలు, స్నేహితులతో గ్రీసు సముద్రానికి పోయాడు. ఆదివారాలు మాత్రం ఫోనులో మొహం చూపించేవాడు. "ఏరా చాంపియన్, బాగున్నావా?" అనేవాడు. చాంపియన్ జవాబు చెప్పేలోగా దుకాణానికెవరో వచ్చేవారు. ఆదివారం పూట కూడా.

"మరెందుకొచ్చావే ఇంత దూరం?" అని ఒకసారి అడిగాను.

"దూరంగా ఉంటే విలువ తెలుస్తుందనుకున్నానక్కా," అంది. "తెలిసింది. నాకు."

మూడో ఏడు జూన్‌లో బడి ముగిసింది, ఒప్పందమూ ముగిసింది. తీసుకెళ్లడానికి ప్లామెన్ కారులో వస్తున్నాడన్నారు. ముందు రోజు బడి హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. మూడేళ్లలో ఆమెతో కలిసి ఒక కప్పు టీ తాగనివాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు. హర్లాంపి లేచి, "ఈమె మన కుటుంబ సభ్యురాలు," అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. కుటుంబ సభ్యురాలి ఇంటిపేరు గుర్తురాక కాగితం చూసుకున్నాడు. ఒక గాజు కూజా ఇచ్చాడు. అది ఎన్నాళ్లుగానో ఆఫీసు అలమరలో దుమ్ముకొట్టుకుపోయి ఉంది, అందరికీ తెలుసు. తుడిచిచ్చాడు, అంతవరకు మర్యాదే. గ్రామపెద్దగారి భార్య రుమాలుతో పొడి కళ్లు ఒత్తుకుంది.

రాలిత్సా కూజా పుచ్చుకుని, "ధన్యవాదాలు హర్లాంపి గారూ. తర్వాత వచ్చే టీచర్‌కి ప్రొజెక్టర్ చూపించండి, ఇంటికి పిలిచైనా సరే," అని కూర్చుంది. వెనక బెంచీల్లో పిల్లలు పకపకా నవ్వారు. నవ్వినవాళ్లే బయటికొచ్చాక ఆమె కోటు పట్టుకుని ఏడ్చారు. వాళ్లని ఏడవమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ప్లామెన్ వచ్చాడు. కారు కడిగించుకుని తళతళలాడించుకుంటూ వచ్చాడు. అవ్వ వాకిట్లో ఇరుగుపొరుగు అంతా గుమిగూడి ఉన్నారు. బొరిల్ అవ్వ పావడా చాటున నిలబడి అతన్ని చాలాసేపు పరిశీలించాడు.

"అంకుల్, మీరు మా ఊళ్లో ఎన్నాళ్లుంటారు?" అని అడిగాడు.

ప్లామెన్ అందరి వంకా చూసి నవ్వాడు. "ఇదేం యాసరా నాయనా. గొర్రెల కాపరిలా మాట్లాడుతున్నాడేంటి వీడు?"

"మూడేళ్లూ గొర్రెలే పెంచాయి బాబూ," అంది అవ్వ. "తండ్రి దొరక్కపోతే ఏం చేస్తాయి."

అతనికి ఆ మాట ఎక్కలేదు. అప్పటికే అతని కళ్లు అవ్వ వైన్ దాచే నేలమాళిగ మెట్ల మీదున్నాయి. మా వైపు ఎవరినైనా సాగనంపితే ఉత్త చేతులతో పంపరు. తలా ఒక పెద్ద సీసా వైన్ తెచ్చారు. ఒకరు అక్రోట్ల బస్తా తెచ్చారు, ఒకరు ఉన్ని కంబళి తెచ్చారు. ఇచ్చినవి తీసుకోవడం తప్పు కాదు. కానీ అతను ఒక్కో సీసా మూత తీసి వాసన చూసి, "అవ్వగారూ, ఈ ముదురు ఎరుపుది ఇంకోటి ఉందా?" అని అడిగి మరీ నింపుకున్నాడు. డిక్కీ నిండింది. వెనక సీటు నిండింది. సీసాలు దొర్లకుండా మధ్యలో కంబళి కుక్కాడు, బిడ్డని పక్కలో పడుకోబెట్టినంత జాగ్రత్తగా.

బొరిల్ తన సంచి వీపున తగిలించుకుని కారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వీడెక్కడ కూర్చుంటాడు?" అంది రాలిత్సా.

"నీ ఒళ్లో కూర్చోబెట్టుకో."

"రుమేనియా అంతా దాటాలి ప్లామెన్. పోలీసులు చూస్తే ఊరుకోరు. రెండు సీసాలు దించు."

అతను సీసాల వంక చూశాడు. పిల్లాడి వంక చూశాడు. మళ్లీ సీసాల వంక చూశాడు. పక్కనే ఉండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

"పోనీ వీణ్ని ఆగస్టు దాకా ఇక్కడే ఉంచుదాం," అన్నాడు. "ముసలావిడకి అలవాటే కదా. అప్పుడొచ్చి తీసుకెళ్తా. వైన్ అయితే ఈ ఎండలకి పులిసిపోతుంది."

దోమ్నికా అవ్వ వెళ్లి బొరిల్ చెవులు రెండూ అరచేతులతో మూసింది.

రాలిత్సా అరవలేదు. డిక్కీ తెరిచి, సీసాల అడుగున ఇరుక్కున్న తన పెట్టెని బలంగా లాగి కింద పెట్టింది. చీరుకుపోయిన వేలు నోట్లో పెట్టుకుంది. తర్వాత మొగుడి దగ్గరికెళ్లి, ముందు రోజు సభలో హర్లాంపితో కలిపినట్టే చెయ్యి కలిపింది. మా భాషలో మళ్లీ కలవబోయేవాళ్లకి చెప్పే వీడ్కోలు మాట ఒకటి, ఇక కలవనివాళ్లకి చెప్పేది ఇంకొకటి ఉన్నాయి. ఆమె రెండోది చెప్పింది.

"ఏంటిది?" అన్నాడు ప్లామెన్.

"రెండ్రోజులుగా అందరికీ చెప్తున్నాను కదా. నీకూ చెప్తున్నా."

"పిచ్చెక్కిందా నీకు? జనం చూస్తున్నారు."

"చూడనీ. నెమ్మదిగా నడుపు, సీసాలు పగులుతాయి."

అతను ఆడవాళ్ల నరాలు బలహీనమని మా ఆయనతో ఏదో అన్నాడు. అప్పుడైనా ఒక్క సీసా దించి ఉంటే ఈ మనిషి గురించి ఒక మంచి ముక్క రాసేదాన్ని. దించలేదు. కారెక్కి వెళ్లిపోయాడు, అక్రోట్లతో సహా. సరిహద్దులో కస్టమ్స్‌వాళ్లు పరిమితి దాటిందని సగానికి పైగా వైన్ ఆపేసుకున్నారని తర్వాత తెలిసింది. ఆ కబురు విన్న సంతోషంలో నేను సూపులో ఉప్పెక్కువేశాను.

రాలిత్సా ఆ తర్వాతి ఆదివారం బస్సులో వెళ్లింది. బస్సు దగ్గర బొరిల్ బాతులకి ఏ పూట ఏం పెట్టాలో అవ్వకి వివరంగా చెప్పాడు. ఆవిడ, "నువ్వు నేర్పాలిరా నాకు, ముక్కు తుడుచుకో ముందు," అని కసిరింది. బస్సు కదిలాక ఆవిడని ఇంటికి చేర్చడానికి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, పొద్దు వాలేదాకా వచ్చే పోయే బళ్లన్నిటినీ తిట్టింది.

ఇవతల హర్లాంపి బల్గేరియాకి కొత్త టీచర్ కావాలని రాస్తూ, పిల్లలున్న ఆడవాళ్లని పంపొద్దని కోరాడు. పిల్లల వల్ల బడి క్రమశిక్షణ చెడిపోతోందట.

రాలిత్సా స్లివెన్‌లో తల్లి దగ్గర ఉంటోంది. ఒక చిన్న బళ్లో ఉద్యోగం దొరికింది. విడాకులు ఆ చలికాలంలోనే వచ్చాయి. కోర్టులో ప్లామెన్, పిల్లాడు నన్ను గుర్తుపట్టడం లేదు, తల్లే దూరం చేసిందన్నాడట. జడ్జిగారు మోల్డోవాకి ఎన్నిసార్లు వెళ్లావని అడిగితే నడుం నొప్పి సంగతి చెప్పాడట.

ఆమెకి అక్కడ పెద్ద సుఖమేమీ లేదు. అక్కడి హెడ్మాస్టర్ కూడా మా వాడికి తీసిపోడని చెప్పింది. మొన్న ఫోన్ చేసినప్పుడు, ఎలా ఉన్నావే అని అడిగాను.

"నిద్ర పడుతోందక్కా," అంది.